తన్నింది పర్సిస్ కాదు

గురువారం ఉదయం దైవాశీర్వాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల మీటింగు మొదలయ్యేలోగా పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తన్నే తన షాట్‌గన్‌కి, ఆ తన్నుడు తగ్గించే పిస్తోలు గ్రిప్, అంటే పిడి, ఒకటి ఎంచుకోవాలి, అంతే. ఇరవై రెండేళ్ళుగా టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటూ, టోస్టర్‌ని కూడా నాలుగు వందల రివ్యూలు చదివి కొన్న మనిషికి ఇది పెద్ద పని కాకూడదు. కానీ నాలుగు రోజులుగా తేలడం లేదు. ఒకటి రబ్బరుది. ఒకదాని లోపల స్ప్రింగు ఉంది. మూడోదానికి ఒకాయన "ఇది బిగించాక మా ఆవిడ కూడా హాయిగా కాలుస్తోంది" అని రాసి అయిదు నక్షత్రాలు ఇచ్చాడు. ఇంకొకాయన అదే ముక్క రాసి ఒకే నక్షత్రం ఇచ్చాడు.

దైవాశీర్వాదం వేటగాడు కాడు. సెప్టెంబరు వస్తే టెక్సాస్‌లో సగం మంది గువ్వల వేటకు వెళతారు. అతన్నీ ఒకసారి రమ్మన్నారు. "పరిశుద్ధాత్మ పావురంలా దిగొచ్చిందని మనం చదువుకుంటే, మీరు కింద తుపాకీ పట్టుకుని నిలబడతారా?" అని భార్య పర్సిస్ ఒకే ఒక్క మాట అంది. అప్పట్నుంచి శనివారాలు తమ చర్చిలోనే ఉన్న కెన్నీ అనే స్నేహితుడితో కలిసి గాల్లోకి ఎగరేసే మట్టి పళ్ళాలను కాల్చి తృప్తిపడుతున్నాడు.

అసలు ఆ గన్ను కొన్నదే హనుమయ్యగారి కోసం. హనుమయ్యగారు పోయి పాతికేళ్ళయింది, అది వేరే సంగతి. దైవాశీర్వాదం కైకలూరులో ఇంటర్ చదివే రోజుల్లో పక్కింట్లో ఆయన, ఆయనకో లైసెన్సు ఉన్న ఒంటిగొట్టం తుపాకీ ఉండేవి. చలికాలం తెల్లవారుజామున కొల్లేరు మీద మంచు కదులుతుంటే, తాటిదోనెలో కూర్చుని ఆయన తన తువ్వాలును నాలుగు మడతలు పెట్టి ఇతని భుజానికి ఆనించి, దాని మీద తుపాకీ మడమ పెట్టారు. పేలగానే పరజపిట్టలన్నీ క్షేమంగా లేచిపోయాయి, దైవాశీర్వాదం మాత్రం వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. "తన్నిందా? పరిచయం చేసుకుందిలేరా," అని హనుమయ్యగారు దోనె తిరగబడేంతగా నవ్వారు. ఆ తడి తువ్వాలు వాసన, కాలిన మందు వాసన కలిసిన వాసన ఇప్పటికీ శనివారం పొద్దున ఒక్క క్షణం తగిలి పోతుంది. దాని కోసమే అతను భుజం కమిలించుకుంటాడు. కానీ యాభై రెండేళ్ళ భుజం జ్ఞాపకాలకు సహకరించడం మానేసింది.

ఈ వారం ఒక నిబంధన కూడా ఉంది. ఆదివారం చర్చి సంఘంలో స్త్రీల సమాజం అధ్యక్షురాలి ఎన్నిక. తొమ్మిదేళ్ళుగా నవోమి ఆంటీయే అధ్యక్షురాలు. తొమ్మిదేళ్ళుగా పర్సిస్ కార్యదర్శి, అంటే కుర్చీలు వేసి తీసే మనిషి. ఈసారి మొదటిసారి నిలబడింది. నవోమి ఆంటీకి తుపాకులంటే గిట్టదు, కిందటి నెలే వాటి మీద నలభై నిమిషాలు మాట్లాడింది.

"మన గరాజ్‌లో గన్ ఉందని తెలిస్తే నాకు ఒక్క ఓటు పడదు. ఆదివారం దాకా ఆ మాట మీ నోట్లోంచి రాకూడదు," అని పర్సిస్ చెప్పి, డయాలసిస్ సెంటర్లో డ్యూటీకి వెళ్ళిపోయింది. అక్కడ ఫోను లాకర్లో పెట్టాలి.

దైవాశీర్వాదం మాట నిలబెట్టుకునే మనిషి. కెన్నీకి వాయిస్ మెసేజ్ పెడుతూ కూడా ఆ మాట వాడలేదు.

"బ్రదర్, మొన్న మళ్ళీ తన్నింది. భుజం కమిలిపోయింది, చెయ్యి పైకి లేవట్లేదు. గట్టిగా పట్టుకుంటే ఇంకా గట్టిగా తన్నుతోంది. ఇన్నేళ్ళూ భరించా, ఇంక నావల్ల కాదు. పాతది తీసేసి కొత్తది పెట్టుకుందాం అనుకుంటున్నా. కొంచెం మెత్తగా ఉండేది. నీకు తెలిసినవేమైనా ఉంటే ఫొటోలు పంపు."

పంపడానికి సరిగ్గా అతను కెన్నీ పేరు మీద వేలు పెట్టే క్షణంలో ఎవరో 'ప్లేనో ప్రేయర్ సెల్' గ్రూపులో గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పారు. గ్రూపు పైకి వచ్చింది, కెన్నీ కిందికి జారాడు. మెసేజ్ నలభై మూడు మందికి వెళ్ళింది. దైవాశీర్వాదం మీటింగులోకి వెళ్ళాడు.

పదకొండింటికి పాస్టరుగారు ఫోన్ చేశారు.

"బ్రదర్, మీ వాయిస్ విన్నాను," అన్నారు చాలా మెల్లగా.

కెన్నీ ఏది పంపినా అందరికీ తోసేస్తాడు కాబట్టి దైవాశీర్వాదం ఆశ్చర్యపడలేదు. పైగా పాస్టరుగారు ఇంత విశాల హృదయులని తెలిసి ఊపిరి పీల్చుకున్నాడు. "అయ్యగారూ, మీరేం అనుకోనంటే ఓపెన్‌గా చెప్తా."

"చెప్పండి. ఎక్కడెక్కడ తన్నింది?"

"ఎక్కువ భుజం మీదేనండీ. సరిగ్గా నిలబడకపోతే దవడకి."

"ఎన్నాళ్ళుగా?"

"ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచీ."

ఫోన్లో దీర్ఘమైన నిట్టూర్పు వినిపించింది. "అమ్మాయికి తెలుసా?"

"షెరిన్‌కా? దాన్నీ ఒకసారి తన్నిందండీ. పడీపడీ నవ్వుకుంది."

"బ్రదర్, ఎంత కష్టమున్నా కొత్తది పెట్టుకోవడం మాత్రం పాపం."

"పాపమేముందండీ! టెక్సాస్‌లో అందరూ పెట్టుకుంటారు. మన కెన్నీకి మూడున్నాయి."

"ప్రభువా!" అన్నారు పాస్టరుగారు. లైను కట్టయింది. పది నిమిషాల తర్వాత కెన్నీ భార్యకు పాస్టరుగారి ఫోన్ వెళ్ళింది. మధ్యాహ్నానికి కెన్నీ ఒక సూట్‌కేసుతో అర్వింగ్‌లో ఉన్న తమ్ముడింటికి చేరాడు, ఎందుకో అతనికి ఇంకా తెలియదు.

సాయంత్రం పర్సిస్ వచ్చేసరికి గుమ్మంలో రెండు ట్రేల చికెన్ పలావు, ఒక నెప్పుల బామ్, 'కోపమును జయించుట' అని రాసిన కరపత్రం ఉన్నాయి. ఆమె ఫోనులో అరవై ఒక్క మెసేజీలున్నాయి. వంటింట్లో నిలబడి వాయిస్ రెండుసార్లు విన్నది.

"ఏవండీ, నేనెప్పుడు తన్నాను మిమ్మల్ని?"

"నువ్వు కాదే బాబూ, గన్ను!"

"గన్ను అని ఎక్కడన్నారు? తన్నింది, తన్నింది, తన్నుతోంది! పెళ్ళాం తన్నినా తన్నిందే, తుపాకీ తన్నినా తన్నిందే కదా మన భాషలో!"

"నువ్వేగా ఆ మాట అనొద్దన్నావు."

కాలేజీ నుంచి వచ్చిన షెరిన్ పలావు తింటూ, "డాడీ, ఇంగ్లీష్‌లో 'ఇట్' అంటే సరిపోయేది కదా. తెలుగుకి అప్‌డేట్ కావాలి," అంది.

పర్సిస్ కుర్చీలో కూలబడింది. "తొమ్మిదేళ్ళండీ. తొమ్మిదేళ్ళు కుర్చీలు మడిచాను. ఒక్కసారి ఆ మైకు పట్టుకుందామనుకున్నా." దైవాశీర్వాదానికి కమిలిన భుజం కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది.

అందుకే ఆమె మొహం కడుక్కుని వచ్చేలోగా తనే దిద్దుబాటు చేయాలనుకున్నాడు. గన్ను అనే మాట రాకుండా, ఒక్క అబద్ధం లేకుండా, చాలా ఆలోచించి గ్రూపులో రాశాడు:

'అందరికీ వందనాలు. నన్ను తన్నింది పర్సిస్ కాదు. అది వేరే. గరాజ్‌లో ఉంటుంది. శనివారాలు మాత్రమే బయటికి తీసుకెళ్తాను. పర్సిస్‌కి అంతా తెలుసు.'

పదకొండు నిమిషాల్లో నలభై మూడు మందీ చదివేశారు. తర్వాత నవోమి ఆంటీ, 'ప్రభువు కనికరించును గాక. ఆదివారం మాట్లాడుకుందాం' అని రాసింది.

శనివారం దైవాశీర్వాదం కాల్చడానికి వెళ్ళలేదు. కెన్నీ కూడా ఇంకా సూట్‌కేసుతో తమ్ముడింట్లోనే ఉన్నాడు కదా. గరాజ్‌లో లాన్ మోవర్ పక్కన కూర్చుని, దాని చాటున ఉన్న గన్ను మీద చెయ్యి వేసి, తువ్వాలును నాలుగు మడతలు పెట్టి భుజానికి ఆనించి చూసుకున్నాడు. రబ్బరూ స్ప్రింగూ అక్కర్లేదనిపించింది. తెరిచి ఉన్న గరాజ్ తలుపులోంచి, కుక్కతో నడకకు వచ్చిన సంఘ సభ్యురాలొకామె, అతను కళ్ళు మూసుకుని తువ్వాలుకు భుజం ఒత్తుకోవడం చూసి, ఏడుస్తున్నాడనుకుని తొందరగా వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అమెరికన్ల ఆరాధన ముగిశాక అదే హాల్లో తెలుగు ఆరాధన ముగిసింది. ఎన్నికకు స్త్రీలందరూ ఉన్నారు. ఎప్పుడూ పార్కింగ్‌లోనే ఉండిపోయే మగవాళ్ళు కూడా ఈసారి లోపలే ఉన్నారు.

నవోమి ఆంటీ లేచింది. "ఇల్లు చక్కబెట్టుకోలేనివాళ్ళు సమాజాన్ని ఏం చక్కబెడతారు? నేను పేరు చెప్పట్లేదు," అని పర్సిస్ వైపు చూసింది.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "దైవాశీర్వాదం బ్రదర్, ఒక్కటి చెప్పండి. మిమ్మల్ని తన్నింది ఇంట్లో ఉన్నదా, గరాజ్‌లో ఉన్నదా?"

అతను లేచాడు. గన్ను అంటే పర్సిస్‌కి ఓట్లు పోతాయి. పర్సిస్ అంటే అబద్ధం, అది కూడా దేవుని మందిరంలో. ఆమె తల వంచుకుని ఒళ్ళో ఉన్న చీరకొంగును మెలిపెడుతోంది.

"అయ్యగారూ, మాది అటాచ్డ్ గరాజ్. అంతా ఒకే ఇల్లు," అన్నాడు దైవాశీర్వాదం. "మా ఇంట్లో పర్సిస్, షెరిన్ తప్ప వేరే ఆడమనిషి లేదు. తన్నిన మాట నిజం. తప్పు నాదే, నేను సరిగ్గా పట్టుకోలేదు. మార్చేద్దామనుకున్నా. నిన్నంతా కూర్చుని ఆలోచించాను. మార్చను. ఉన్నదాన్నే జాగ్రత్తగా పట్టుకుంటా."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పర్సిస్ తల ఎత్తి భర్త వైపు చూసింది. ఆ చూపు అతను పెళ్ళయిన కొత్తలో చూసి ఉంటాడు.

చీటీలు లెక్కపెట్టారు. నవోమి ఆంటీకి నాలుగు. పర్సిస్‌కి ముప్ఫై ఒకటి.

పాస్టరుగారు నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టారు, మళ్ళీ అంతే. మైకు పర్సిస్ చేతికి వచ్చింది. ఆమె నోరు తెరిచేలోగానే హాలంతా చప్పట్లు మోగాయి. తర్వాత ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగారు. డెబ్భై దాటిన ఒక అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని, "ఎంత బుద్ధిమంతుడయ్యాడమ్మా మీ ఆయన! మా ఆయన మారాలని నేను నలభై ఏళ్ళు ప్రార్థనే చేశాను," అంది. కెన్నీ భార్య చెవి దగ్గరకు వచ్చి, "అక్కా, కుడి కాలా, ఎడమ కాలా?" అని అడిగింది.

ఆ నెల నుంచి స్త్రీల సమాజం మీటింగులకు అందరూ టైముకే వస్తున్నారు, భర్తలు పది నిమిషాలు ముందే తెచ్చి దింపుతున్నారు.