సైడుకాలవ మీద శిలాఫలకం

దేశానికి పునాది గ్రామం. గ్రామానికి పునాది గ్రామసభ. గ్రామసభకి పునాది షామియానా! ఇది ఏ చట్టంలో రాశారో నాకు తెలియదు కానీ, గురజాల నుంచి షామియానా రావడం ఆలస్యమైతే మా ఊళ్ళో ప్రజాస్వామ్యం రెండు గంటలు వాయిదా పడుతుంది.

ఈసారి టయానికే వచ్చింది. నూట ఎనభై కుర్చీలు, ఇరవై ముగ్గురు జనం. మిగిలిన కుర్చీల్లో గాలి కూర్చుని శ్రద్ధగా విన్నది. సంతకాల పుస్తకంలో మాత్రం హాజరు రెండువందల పన్నెండు. అందులో ముగ్గురు పోయి నాలుగేళ్ళయింది. అయినా సభకి రాకుండా ఉండలేకపోయారు. ఊరి మీద అంత మమకారం!

సర్పంచ్ సాంబశివరావు అధ్యక్షుడు. "సమస్యలున్నవాళ్ళు చెప్పండి" అన్నాడు పంచాయతీ కార్యదర్శి కృష్ణచైతన్య.

మా వీధిలో పల్లపు చివరింటి రంగనాయకమ్మ లేచింది. రెండెకరాల మిరప ఒంటిచేత్తో పండించే మనిషి.

"ఏంది సాంబయ్యా, మూడేళ్ళ నుంచి మొత్తుకుంటన్నా. వానొస్తే వీధి మురుగంతా నా వాకిట్లోకే! పోయినేడు రేటు కోసం దాసుకున్న పన్నెండు బస్తాల కాయ బూజు పట్టింది. ఈ ఏడు గూడా తడిస్తే నేను చేను కౌలుకిచ్చి కూలికి పోవాల్సిందే. కాలవ బాగుచేపిస్తారా, నా ఇల్లు చెరువని రాసుకుంటారా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కట్టిన రోజున సైడుకాలవ రెండడుగుల వెడల్పు. తర్వాత ప్రతి ఇంటివాడూ బండి ఎక్కడానికి దాని మీద ర్యాంపు పోసుకున్నాడు. బండి లేనివాడు కొనబోయే బండి కోసం పోసుకున్నాడు. సర్పంచ్ గారి ర్యాంపు మీద లారీ ఎక్కుతుంది. ఆయనకున్నది స్కూటరు!

నాకు ఆవేశం ఆగలేదు. లేచి మైకు లాక్కున్నాను.

"ఆడకూతురు కాయ తడిస్తే మన కళ్ళు తడవవా? కాలవని ఆక్రమించినవాడు ఎంతటోడైనా సరే, పడగొట్టాల్సిందే!"

చప్పట్లు! ఇరవై ముగ్గురం చేతులెత్తాం. కృష్ణచైతన్య ఫోనుతో ఫొటో తీశాడు. తీర్మానం ఏకగ్రీవం.

"మరి ఎవరింటి కాణ్ణుంచి మొదలుపెడదామండీ?" అన్నాడు ఆ అమాయకుడు.

చేతులన్నీ ఒక్కసారే దిగిపోయాయి. ఒకాయనకి ఫోనొచ్చింది. ఇంకొకాయనకి గేదె పాలు పిండాలని గుర్తొచ్చింది, పట్టపగలు పదకొండింటికి!

సాంబశివరావే ఆదుకున్నాడు. "తొందరేందబ్బాయ్? ముందు శంకుస్థాపన జరగాల. శిలాఫలకం లేకుండా పని జేస్తే ఎవురు జేశారో జనానికి ఎట్టా తెలుస్తది?"

"సార్, ఇది పడగొట్టే పని కదండీ..."

"పడగొట్టడానికి మాత్రం పునాది వొద్దా ఏంది?"

రాతి చెక్కడాలకి పేరున్న దుర్గిలో ఫలకం చెక్కించారు. ఆరడుగుల నల్లరాయి, తొమ్మిదిమంది పెద్దల పేర్లు. రంగనాయకమ్మ పేరుకి చోటు చాల్లేదు. కానీ ఆ రాయిని ఎవరూ తమ వాకిట్లో పెట్టనివ్వరే! ఒకాయనకి కారు తిరగదట, ఇంకొకాయనకి వాస్తు ఒప్పదట. చివరికి నేనే త్యాగం చేశాను.

"మా ఇంటికీ రంగనాయకమ్మ ఇంటికీ మధ్యన పెట్టండి. కింద మటుకు 'స్థల సూచన: నరసింహారావు' అని ఒక్క ముక్క చెక్కించండి."

దిమ్మె కట్టడానికొచ్చిన మేస్త్రి అబ్దుల్ రహీమ్ తల గోక్కున్నాడు. "పెదనాన్నా, ఇక్కడ కాలవుంది. దిమ్మె కడితే పూర్తిగా మూసుకుపోద్ది."

"ఎట్టాగూ పారని కాలవేగదరా, కట్టు!" అన్నాను.

రంగనాయకమ్మ తిట్ల దండకం ఎత్తుకుంటుందని చూశాను. ఎత్తుకోలేదు. రహీమ్‌కి చెంబెడు మజ్జిగ తెచ్చిచ్చింది. "నాయనా, పెద్దోళ్ళ పేర్లుండే రాయి, దిమ్మె గట్టిగా ఉండాల. ఇటు నా గోడ దాకా, అటు రోడ్డు దాకా సాగదియ్యి. ఎత్తు గూడా రెండడుగులు పెంచు" అంది. అభివృద్ధిని ఇంత బాగా అర్థం చేసుకున్న ఆడమనిషిని నా జన్మలో చూడలేదు!

శంకుస్థాపన ఘనంగా జరిగింది. కొబ్బరికాయ కొట్టాం. అంతకు మించి ఏదీ పగలలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. వీధి మురుగంతా ర్యాంపుల మీదుగా ఉరుక్కుంటూ వచ్చి, దిమ్మె ముందాగి, తొమ్మిదిమంది పేర్లూ తీరిగ్గా చదువుకుంది. నా పేరు చదవగానే నేరుగా మా ఇంట్లోకి తిరిగింది! ముందు నా చెప్పులు తేలుతూ వంటింటి వైపు బయలుదేరాయి. వెనక బియ్యం డబ్బా.

పరుగున వచ్చి అరుగెక్కాను. అన్నట్టు, చెప్పడం మరిచిపోయాను. అందరిలాగా నాది ర్యాంపు కాదండీ, అరుగు. పన్నెండడుగులు. కాలవ మీదే కట్టించాను. మీకు ఈ కథ చెబుతున్నది కూడా దాని మీద కూర్చునే, కాళ్ళు పైకి పెట్టుకుని.

దిమ్మెకి అవతల రంగనాయకమ్మ వాకిలి పొడిగా ఉంది. ఆమె వసారాలో మిరప బస్తా మీద గొడుగేసుకు కూర్చుని ఉంది.

"ఏందన్నయ్యా, నీళ్ళొచ్చినయ్యా?"

"ఎంతటోళ్ళదైనా సరే, ఆ దిమ్మె పడగొట్టాల్సిందేనమ్మా!" అని అరిచాను.

"అమ్మో! నీ పేరుగూడా ఉందిగా దానిమీద! పడగొట్టాలంటే ఊరికే అవుద్దా? వచ్చే గ్రామసభలో లేచి అడుగు. ఫొటో తీసేటప్పుడు నేను గూడా చెయ్యెత్తుతాలే."