మెదడు పరీక్షకు ఎంపికైనవారు

ఆ సోమవారం ఉదయం హెడ్మాస్టరు నాగేశ్వరప్రసాద్ పెట్టుకున్న పని చిన్నదే. తొమ్మిదో తరగతి టీచరు సంపూర్ణమ్మను పిలిచి, ఆవిడ అడిగిన డాక్టరు విశాఖపట్నం నుంచి శనివారం వస్తున్నాడని చెప్పాలి. ఏ పిల్లను చూపించాలో ఖాయం చేయాలి. ఇంటికెళ్ళి భోంచేయాలి. ఈ మూడింటిలో భోజనం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

చూపించవలసిన పిల్ల పేరు లోవలక్ష్మి. శ్రావణంలో వరద వచ్చినప్పుడు పట్టిసీమ దగ్గర వాళ్ళ నాన్న చేపల పడవ తిరగబడింది. నాన్న దొరకలేదు. తల్లి అంతకుముందే పోయింది. నిడదవోలు మార్కెట్లో చేపలమ్మే అమ్మమ్మ అచ్చాయమ్మ పిల్లను తెచ్చుకుని, వర్తకుల కమిటీ నడిపే హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో వేసింది. పిల్ల రోజూ బడికి వచ్చేది. చెప్పింది రాసుకునేది. నోరు మాత్రం విప్పేది కాదు. దసరా సెలవులయ్యాక అచ్చాయమ్మ సంపూర్ణమ్మ దగ్గరికి వచ్చింది.

"మాటాడని పిల్లకి సదువెందుకండి టీచరమ్మా. ఈ కార్తీకం చూత్తానండి. ఆనక నా ఎనకాల గంప మోత్తాది. గంప మొయ్యడానికి మాట అక్కర్లేదు కదండి."

"బేరమాడటానికి కావాలి కదా అచ్చాయమ్మా."

"బేరం నేనాడతానండి. నాకుంది కదా నోరు."

సంపూర్ణమ్మ ఈ సంగతి హెడ్మాస్టరుకు చెప్పింది. హెడ్మాస్టరు దాన్ని ఊరి ఫ్రెండ్స్ క్లబ్బు అధ్యక్షుడు, రైసుమిల్లు యజమాని బుల్లిబాబుకు చెప్పాడు. క్లబ్బు ఆ ఏడు మొక్కలు నాటింది. మేకలు తిన్నాయి. కొత్త సేవ ఏదైనా దొరుకుతుందా అని బుల్లిబాబు చూస్తున్నాడు.

"కళ్ళ శిబిరం పక్క ఊరివాళ్ళు పెట్టేశారండి. పళ్ళ శిబిరం తణుకువాళ్ళు పెట్టేశారు. ఇంక మనకి మిగిలింది బుర్ర ఒక్కటే" అన్నాడాయన.

ఒప్పందం కుదిరింది. నెలనెలా మొదటి శనివారం క్లబ్బు ఒక మానసిక వైద్యుణ్ణి రప్పిస్తుంది, స్కూలు పిల్లల్ని చూపిస్తుంది. సంతకాలు చేస్తూ ఇద్దరూ ఫోటో దిగారు. ఎందుకు సంతకం చేస్తున్నారో ఇద్దరికీ అప్పటికి గుర్తుంది.

బయటివాళ్ళు బడికి వస్తున్నారంటే నాగేశ్వరప్రసాద్ చేసే పని ఒకటుంది. ఇన్‌స్పెక్టరు వచ్చినా, పక్క స్కూలు హెడ్మాస్టరు వచ్చినా, తెలివైనవాళ్ళను ముందు బల్లల మీద కూర్చోబెడతాడు. మిగిలినవాళ్ళను ఆ రోజుకు రావద్దంటాడు. సోమవారం కూడా ఆ పనే చేశాడు. ప్రతి తరగతిలో మొదటి ఇద్దరి పేర్లు రాసి సంపూర్ణమ్మ చేతిలో పెట్టాడు.

"లోవలక్ష్మి పేరు లేదేంటండి?" అని ఆవిడ అడిగింది.

"ఆ అమ్మాయిని శనివారం ఇంటిదగ్గర ఉండమనండి."

"ఆ పిల్ల కోసమే కదండి డాక్టరు వచ్చేది."

"వచ్చేది పై ఊరి మనిషమ్మా. అడిగినదానికి జవాబు చెప్పని పిల్లని ముందు నిలబెడితే మన స్కూలు గురించి ఏమనుకుంటాడు? ఈసారికి బాగున్నవాళ్ళని చూపిద్దాం. నాలుగు రోజులు పరిచయమయ్యాక బాగోలేనివాళ్ళని చూపిద్దాం."

"అప్పటికి కార్తీకం వెళ్ళిపోతుందండి."

హెడ్మాస్టరు భోజనానికి లేచాడు.

పదో తరగతిలో మొదటి పేరు మీనాకుమారి. ఆ అమ్మాయి తండ్రి సత్తిరాజుకు బట్టల కొట్టుంది. స్కూలు కమిటీకి కార్యదర్శి కూడా ఆయనే. "నన్ను మెంటల్ డాక్టరుకి చూపిస్తారంట నాన్నా" అని మధ్యాహ్నం అమ్మాయి చెప్పింది. ఆయన గుడ్డ కొలుస్తున్నవాడు కొలుస్తున్నట్టే లేచి, మీటరు బద్దతో సహా స్కూలుకు వచ్చాడు.

"మా అమ్మాయికి పిచ్చని మీకెవరు చెప్పారండి?"

"అబ్బే, పిచ్చని కాదండి."

"పిచ్చి లేకపోతే పిచ్చి డాక్టరెందుకండి? రేపు నా కొట్టుకొచ్చినవాళ్ళు చీర చూస్తారా, నా మొహం చూస్తారా?"

హెడ్మాస్టరు జీతం కమిటీ చేతి మీదుగా వస్తుంది. ఆయన మీటరు బద్ద వంక చూశాడు. ఆ క్షణంలో తోచింది చెప్పాడు.

"ఇది జబ్బు పరీక్ష కాదండి. తెలివైనవాళ్ళ మెదడు ఎలా పనిచేస్తుందో చూసే పరీక్ష. అందరికీ చెయ్యరు. మన మీనాకుమారి లాంటివాళ్ళకే."

సత్తిరాజు బద్ద బల్ల మీద పెట్టాడు. "క్లాసుకి ఎందరికి?"

"ఇద్దరికండి."

"మా అమ్మాయిని ముందు చూస్తారా, తరవాతా?"

"ముందేనండి."

"అలా చెప్పండి మరి" అని సత్తిరాజు కుర్చీ లాక్కుని, కాఫీ తెప్పించమన్నాడు.

ఆ సాయంత్రం ఆయన కొట్లో చీర కొన్నవాళ్ళకూ కొననివాళ్ళకూ ఈ వార్త అందింది. మర్నాడు పొద్దున కిరాణా కొట్టు జగదాంబ స్కూలుకు వచ్చింది. ఆవిడ కొడుకుది పదో తరగతిలో మొదటి నుంచి లెక్కపెట్టినా, చివరి నుంచి లెక్కపెట్టినా ఒకటే స్థానం.

"మావాడికి మెదడు లేదని మీకెవరు చెప్పారండి?"

"లేదనలేదండి జగదాంబగారూ."

"ఉందని కూడా అన్లేదు కదండి. సత్తిరాజుగారి అమ్మాయికి ఉందని రాసిచ్చారంట. మా కొట్లో చింతపండు తూచేది మావాడేనండి. ఏ రోజూ ఎక్కువ తూచలేదు."

కొడుకు పేరు చేరింది. ఆవిడ వెళ్ళిన కాసేపటికి నూనె కొట్టువాళ్ళు వచ్చారు. తరవాత ఇత్తడి సామాన్లవాళ్ళు, పుస్తకాల కొట్టువాళ్ళు వచ్చారు. గురువారానికి మార్కెట్ వీధిలో మెదడు లేని పిల్లలంటూ మిగల్లేదు. బుల్లిబాబు సంతోషించి రిక్షాకు మైకు కట్టించాడు. మేధావుల మెదడు పరీక్షలు ఉచితమని అది ఊరంతా తిరిగి చెప్పింది. వచ్చేది జ్యోతిష్కుడనుకుని, విడిపోయిన సంబంధాలు కలుస్తాయా అని స్టేషన్ దగ్గర ఎవరో రిక్షావాణ్ణి అడిగారు. మైకులో చెప్పమన్నంతవరకే తనకు తెలుసని అతను అన్నాడు.

ఇంతమంది పిల్లలు డాక్టరు ముందుకు వెళ్తే ఎవడో ఒకడు తప్పు జవాబు చెబుతాడని హెడ్మాస్టరుకు భయం పట్టుకుంది. శుక్రవారం పాఠాలు ఆపించి, డాక్టరు అడగబోయే ప్రశ్నలను తనే ఊహించి, జవాబులతో సహా బోర్డు మీద రాశాడు. జాబితాలో ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ బట్టీ పట్టించాడు. నిద్ర పడుతుందా అంటే, పడుతుందండి. కలలు వస్తాయా అంటే, వస్తాయండి, దేశం గురించి వస్తాయండి. భయం వేస్తుందా అంటే, వేయదండి, పెద్దలున్నారండి. లోవలక్ష్మి చివరి బెంచీలో కూర్చుని ఉంది. హెడ్మాస్టరు ఆ బెంచీ దాకా రాలేదు.

శనివారం డాక్టరు ఆశీర్వాదం పొద్దుటి రైలుకు దిగాడు. ఒక గది, రెండు కుర్చీలు కావాలని ఆయన ముందే కబురు పెట్టాడు. స్కూల్లో ఆయనకు పందిరి, వేదిక, పూలదండ, క్యారియర్లతో వచ్చిన తల్లిదండ్రులు కనిపించారు. గది కూడా ఇచ్చారు. దాని కిటికీ పందిరి వైపు ఉంది.

మొదట మీనాకుమారి వెళ్ళింది.

"నిద్ర పడుతుందా అమ్మా?"

"పడుతుందండి."

"కలలొస్తాయా?"

"వస్తాయండి, దేశం గురించి వస్తాయండి."

డాక్టరు రాసుకున్నాడు. రెండో పిల్లవాడికీ దేశమే కలలోకి వచ్చింది. మూడోవాడికీ అదే వచ్చింది. డాక్టరు రాసుకోవడం మానేశాడు. జగదాంబ కొడుకు వచ్చి కూర్చోగానే ప్రశ్న మార్చాడు.

"పొద్దున ఏం తిన్నావు బాబూ?"

పిల్లవాడు పైకప్పు చూశాడు. బోర్డు మీద ఇది లేదు.

"పడుతుందండి" అన్నాడు.

డాక్టరు బయటికి వచ్చాడు. "వీళ్ళకి జవాబులు ఎవరు నేర్పారండి?"

"మేమేనండి" అన్నాడు నాగేశ్వరప్రసాద్, మెప్పు వస్తుందనుకుని.

"మీరు నేర్పని పిల్లలు ఎవరైనా ఉన్నారా?"

"ఆ లోటు లేకుండా చూశామండి."

"ఒకమ్మాయి ఉందండి. ఇవాళ రావద్దన్నాం" అంది సంపూర్ణమ్మ.

"ఎందుకు రావద్దన్నారు?"

"మాట్లాడదండి. మీ టైము వృథా అవుతుందని" అన్నాడు హెడ్మాస్టరు.

డాక్టరు పూలదండ తీసి కుర్చీకి తగిలించాడు. "ఆ అమ్మాయిని పిలిపించండి. రైలు టైముదాకా నేను ఇంకెవర్నీ చూడను."

గేటు దగ్గర ఉన్న బండి బుల్లిబాబు అంబాసిడర్ ఒక్కటే. సంపూర్ణమ్మ అందులో చేపల మార్కెట్టుకు వెళ్ళింది. కారులో పిల్లను ఒంటరిగా పంపడానికి అచ్చాయమ్మ ఒప్పుకోలేదు. గంపను ఒంటరిగా వదలడానికి కూడా ఒప్పుకోలేదు. సేవకు హెచ్చుతగ్గులు లేవని బుల్లిబాబు మైకులో చెబుతుండగా కారు తిరిగొచ్చింది. వెనక సీటు మీద నుంచి బొచ్చెచేపల గంప దిగింది. గంప కింద సీటు తడిసి ఉంది. బుల్లిబాబు ఉపన్యాసం అక్కడితో ముగించాడు.

లోవలక్ష్మి లోపలికి వెళ్ళింది. డాక్టరు ఏమీ అడగలేదు. కుర్చీ చూపించి, తను మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. సంపూర్ణమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. పిల్ల కిటికీలోంచి పందిరి చూస్తోంది. అక్కడ గొడవ మొదలైంది.

"చేపలామె మనవరాలికి ఇంతసేపా? మా అమ్మాయిని నిమిషంలో పంపేశాడేంటండి?" అన్నాడు సత్తిరాజు.

"మీటరు బద్ద ఇంటిదగ్గర మర్చిపోయారా? తెచ్చి కొలుచుకోండి" అంది జగదాంబ.

"మీవాడు పొద్దున తిన్నదేంటో చెప్పలేకపోయాడంట కదా."

"చెప్పడండి. మా ఇంట్లో ఏం తిన్నామో ఊరికి ఎందుకు?"

నూనె కొట్టాయన మధ్యలోకి వచ్చి, తమవాడి వంతు ఎప్పుడో తేల్చమన్నాడు. ఇత్తడి సామాన్లాయన అతని కండువా పట్టుకుని వెనక్కి లాగాడు. సత్తిరాజు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. మైకు ఇంకా పనిచేస్తోంది.

లోవలక్ష్మి కిటికీ నుంచి కళ్ళు తిప్పి డాక్టరును చూసింది.

"మీరు పిచ్చి డాక్టరేనా అండి?"

సంపూర్ణమ్మ గుమ్మం పట్టుకుంది.

"అవునమ్మా" అన్నాడు డాక్టరు.

"మరి ఆళ్ళని చూడరేంటండి?"

డాక్టరు కూడా కాసేపు కిటికీలోంచి చూశాడు. "వాళ్ళు రాలేదు కదమ్మా. పిల్లల్ని పంపారు."

లోవలక్ష్మి ఆ మాట విని తలూపింది. తరవాత, వరద వచ్చిన రోజు పొద్దున నాన్న తనను కూడా పడవ ఎక్కమన్నాడని చెప్పింది. తను ఎక్కలేదని చెప్పింది. డాక్టరు లేచి కిటికీ మూశాడు. సంపూర్ణమ్మ తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది.

రైలు టైముకు తలుపు తెరుచుకుంది. అచ్చాయమ్మ గంప పక్కనే కూర్చుని ఉంది.

"మాటాడిందా బాబుగారండి?"

"మాట్లాడింది. ఇంకా మాట్లాడాల్సింది ఉంది. నెలనెలా నేనొచ్చినప్పుడు నా దగ్గరికి రావాలి. బడి మాన్పించకు."

"ఏం మాటాడిందండి?"

"అది నాకూ మీ అమ్మాయికీ మధ్యమ్మా."

అచ్చాయమ్మ ఆలోచించింది. మనవరాలిని చూసింది. "సరేలెండి. గంప నేనే మోసుకుంటాను" అని ఎత్తుకుంది. కారు మళ్ళీ ఇస్తామని ఎవరూ అనలేదు.

జరిగినదాన్నిబట్టి మార్కెట్ వీధి తనకు అర్థమైంది అర్థం చేసుకుంది. ఈ డాక్టరు మాట్లాడేవాళ్ళను నిమిషంలో పంపేస్తాడు, మాట్లాడనివాళ్ళకు కారు పంపిస్తాడు. సత్తిరాజు ఇంట్లో కూతురికి ఏదో చెప్పాడు. జగదాంబ కొడుక్కి అదే చెప్పింది. తరవాతి నెల శనివారం దగ్గర పడేసరికి పదో తరగతిలో పాఠం అప్పజెప్పేవాళ్ళు లేరు. తొమ్మిదిలో ఒక్కరు తప్ప అందరూ చేతులు కట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నారు. ఎనిమిదిలో ఒకడు తన కాలు ఎవరో తొక్కినా కిక్కురుమనలేదు.

నాగేశ్వరప్రసాద్ తరగతులన్నీ తిరిగి వచ్చి, కుర్చీలో కూలబడి, సంపూర్ణమ్మకు కబురు పంపాడు.

"పై ఊరి మనిషి వస్తున్నాడమ్మా. అడిగినదానికి జవాబు చెప్పే పిల్ల స్కూలు మొత్తం మీద లోవలక్ష్మి ఒక్కతే ఉంది. ఈసారికి ఆ అమ్మాయినొక్కదాన్నే చూపించి పరువు నిలబెట్టుకుందాం."

సంపూర్ణమ్మ ఆ ఒక్క పేరుతో జాబితా రాసి ఆయన చేతిలో పెట్టింది.