దారి మూసినవాడెవడు?

అరకు లోయ మొత్తం మీద టైటస్‌ను మించిన ప్లీడరు గుమాస్తా లేడు. కావాలంటే పందెం కాస్తాను.

ఆ సోమవారం ఉదయం ప్లీడరు సన్యాసిరావు అతనికి చెప్పిన పని చిన్నదే. లూర్దమ్మ కాఫీతోట నుంచి రోడ్డుకు ఉన్నది ఒక్కటే దారి. పక్క స్థలం నతానియేల్‌ది. అతను దారికి అడ్డంగా కంచె కట్టి, టూరిస్టులకు గుడారాలు వేశాడు. ఆమె దావా వేసింది. అవతలివాడు ప్రమాణం చేసి జవాబివ్వాల్సిన ప్రశ్నలు రాసి పంపడానికి కోర్టు ఒప్పుకుంది.

"బేగి రాసీ. మధ్యాన్నానికి పోస్టులో పడాల," అన్నాడు సన్యాసిరావు.

"పళ్లు ఎర్రగా పండి రాలిపోతన్నాయి నాయినా," అంది అక్కడే కూర్చున్న లూర్దమ్మ. "మూట నెత్తినెట్టుకుని కంచె దూకమంటాడేటి ఆడు?"

టైటస్ తండ్రి చర్చి ఉపదేశి. కొడుక్కి తెలిసిన ప్రశ్నలన్నీ జ్ఞానోపదేశం పుస్తకంలోవే. అందులో ప్రతి ప్రశ్న కిందా జవాబుంటుంది. ఇతనూ అలాగే రాశాడు: "దారి మూసినవాడెవడు? దారి మూసినవాడు నతానియేలు. ఏల మూసెను? దురాశచేత మూసెను." ఇలా రెండు పేజీలు రాసి మధ్యాహ్నానికే పోస్టులో వేసేశాడు. మించిన గుమాస్తా లేడన్నాను కదా, అసలు అక్కడున్న గుమాస్తా అతనొక్కడే.

రెండు రోజుల తర్వాత కాపీ చూసి సన్యాసిరావు కుర్చీలో కూలబడ్డాడు.

"జవాబులు నువ్వు రాసీడమేటిరా!"

"ఉత్త ప్రశ్న ఒగ్గీసితే బాగోదు కదండీ."

"మన గుట్టంతా ఆడి సేతిలో ఎట్టీసినావు. ఎల్లి ఎనక్కి అట్టుకురా!"

టైటస్ వెళ్లేసరికి నతానియేల్ గుడారం ముందు ఆ కాగితం పట్టుకుని, కళ్లు మూసుకుని ఊగుతున్నాడు. చిన్నప్పుడు ఉపదేశి బెత్తం రుచి చూసిన వీపు అది. వచ్చిన కాగితం బాగా చదువుకోమని అతని ప్లీడరు ఫోనులో చెప్పాడట, లోపలేముందో చూడకుండానే.

"అప్పుడే అప్పజెప్పించుకోడానికొచ్చినావేటి బావా? సగమే వచ్చింది."

"ఆ కాగితం ఇటిచ్చీ."

"ఇచ్చీసి జడ్జీగారి ముందర నోరెల్లబెట్టీమంటావా? ఇను. పేరాశచేత మూసెను..."

"దురాశ," అన్నాడు టైటస్, అలవాటు కొద్దీ. పొద్దు వాలేదాకా కూర్చుని తప్పులు దిద్ది, కాగితం అక్కడే వదిలేసి వచ్చాడు.

నతానియేల్ ఆ జవాబుల కిందే సంతకం చేసి కోర్టుకిచ్చాడు. జడ్జిగారు మండిపడ్డారు. ఇవి అవతలి గుమాస్తా జవాబులు, చెల్లవు. ప్రతివాది బోనెక్కి నోటితో చెప్పాలన్నారు. అతని ప్లీడరు అప్పుడు మేల్కొని, దేనికైనా 'తెలీదు' అనమని నేర్పాడు. సన్యాసిరావు తల పట్టుకున్నాడు. లూర్దమ్మ ఏడవలేదు.

"ఈ యేడు పంట నేలకే," అంది.

అంతకంటే ఆమె నాలుగు తిట్టినా బాగుండుననుకున్నాడు టైటస్.

వాయిదా రోజు జడ్జిగారు కాగితం చూసి చదివారు. "దారి మూసినవాడెవడు?"

'తెలీదు' అనడానికే నతానియేల్ నోరు తెరిచాడు. కానీ ఆ మాట చెవిన పడగానే చేతులు వాటంతటవే జోడయ్యాయి, కళ్లు మూతపడ్డాయి. "దారి మూసినవాడు నతానియేలు" అని ఎత్తుకుని, రెండు పేజీలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, "ఆమెన్" అన్నాడు. తర్వాత టైటస్ వైపు తిరిగాడు.

"తప్పేటైనా పోయిందా బావా?"

కంచె తీయించారు. అప్పటికే సగం పళ్లు రాలి నల్లబడ్డాయి. మిగిలిన సగం లూర్దమ్మ ఆ దారినే నెత్తిన మోసుకుపోయింది.

ఆ "ఆమెన్" ఒక్కటీ నేను కలిపింది; నతానియేల్ సిలువ గుర్తు వేసుకుని ఊరుకున్నాడు.