సున్నానికి పాస్‌పోర్టు

"పల్నాడులో తయారైన ప్రతి వస్తువుకూ ఇకమీదట డిజిటల్ పాస్‌పోర్టు! మనిషికి ఆధార్ ఎట్లాగో, వస్తువుకు ఇది అట్లాగ!" అని మంత్రి సుధాకర్‌గారు పిడుగురాళ్ల సభలో ప్రకటించారు. విలేఖరిగా ముందు వరసలో కూర్చున్న నాకు ఒళ్లు పులకరించింది.

వస్తువు ఎక్కడ పుట్టింది, ఎంత పొగ వదిలింది, చివరికి ఏమవుతుంది, అన్నీ ఒక్క క్యూఆర్ కోడ్‌లో ఉంటాయట. విదేశాల్లో బ్యాటరీలతో మొదలుపెడుతున్నారట. వాళ్ళకు దూరదృష్టి లేదు. మనం సున్నంతో మొదలుపెట్టాం.

తొలి పాస్‌పోర్టుకు హన్నమ్మ సున్నపు బట్టీ ఎంపికైంది. హైవే పక్కనే ఉండటం, కాన్వాయ్ తిరగడానికి చోటుండటం దాని ప్రధాన అర్హతలు. భర్త పోయాక బట్టీని ఒంటిచేత్తో నడుపుతున్న హన్నమ్మ ఆ రోజే బాపట్ల రొయ్యల చెరువులకు లారీ లోడు చేయించింది. ప్రత్యేకాధికారి ఐజాజ్‌గారు ల్యాప్‌టాప్‌తో వచ్చి లారీకి అడ్డం నిలబడ్డారు.

"సారూ, కాల్చిన సున్నం ఆగదు. వాన తగిలిందంటే పొగలు కక్కి పిండైపోద్ది. ముందు లోడు పోనియ్యండి" అంది హన్నమ్మ.

"పాస్‌పోర్టు లేకుండా ప్రయాణం చేస్తే దాన్నేమంటారో తెలుసామ్మా? చొరబాటు."

"బాపట్లకా?"

"పోర్టల్‌కు బాపట్లైనా బెల్జియమైనా ఒకటే."

ఆ సమదృష్టికి నేను మనసులోనే నమస్కరించాను.

ఐజాజ్‌గారు లారీ నీడలో కుర్చీ వేయించుకుని పోర్టల్ తెరిచారు. "తండ్రి పేరు?"

"సున్నపురాయి."

"ఇంటిపేరు?"

"ఏం రాస్తారో రాసుకోండి. కొండ."

"వివాహం?"

"సున్నానికి పెళ్ళేంది సారూ!"

"తమలపాకుతో సంబంధం ఉంది కదమ్మా?"

"అది తినే సున్నం. ఇది చెరువులో కలిపేది."

"అయితే అవివాహిత" అని ఆయన నొక్కారు. పోర్టల్ ఒప్పుకుంది.

తర్వాత పోలీస్ వెరిఫికేషన్. కానిస్టేబుల్ జక్కయ్య లారీ చుట్టూ తిరిగి, బస్తాలను లాఠీతో పొడిచి చూశాడు.

"దీని మీద కేసులేమన్నా ఉన్నయ్యా?"

"సున్నం మీద కేసులేందయ్యా!"

"పల్నాడులో పుట్టి ఒక్క కేసన్నా లేదంటే పైవాళ్ళు నమ్మరమ్మా. చిన్నదేదన్నా గుర్తు తెచ్చుకో."

హన్నమ్మ విసిగిపోయింది. "పోయినేడు మా మరిది కంట్లో పడింది."

"అదీ! దాడి. రాజీ అయిందా?"

"నీళ్ళతో కడిగితే తగ్గింది."

'రాజీ కుదిరినది' అని జక్కయ్య రాసుకున్నాడు. ఇంత నిక్కచ్చిగా దర్యాప్తు జరగడం మా ప్రాంతంలో నేను చూడలేదు.

ఇంతలో మబ్బు పట్టింది. సర్వర్ పడుకుంది. కాసేపటికి వాన కూడా పడింది. హన్నమ్మ లారీ ఎక్కి టార్పాలిన్ పట్టా లాగింది. గాలి దాన్ని పీక్కుపోయింది. బస్తాలు బుసలు కొట్టి, పొగలు చిమ్మి, ఒక్కొక్కటిగా పగిలాయి. ఆమె తడిసిన చీరతోనే బాపట్లకు ఫోన్ చేసింది. వాళ్ళు ఇంకెక్కడో తీసుకున్నారట. ఫోన్ పెట్టేసి, బట్టీ మెట్టు మీద చతికిలబడింది.

"నా సున్నం చచ్చిపోయింది సారూ."

ఐజాజ్‌గారు ల్యాప్‌టాప్‌ను చొక్కాలో దాచుకుంటూ ఎంతో ఆప్యాయంగా ఓదార్చారు. "పోర్టల్‌లో ఇంకా బతికే ఉందమ్మా. ప్రాసెసింగ్‌లో ఉంది."

ఆ వారంలోనే పాస్‌పోర్టు మంజూరైంది. మంత్రిగారు స్వయంగా ఇవ్వడానికి వస్తున్నారన్నారు. వస్తే రోడ్డుకు రెండు పక్కలా తెల్లగీతలు పడాలి. గీతలకు సున్నం కావాలి. ఊళ్ళో ఉన్న సున్నమంతా పాస్‌పోర్టు కోసం ఆగిపోయి ఉంది. మిగిలింది హన్నమ్మ బట్టీ దగ్గర ఎండి కుప్పపడ్డ ఆ పిండే.

"పాస్‌పోర్టు చేతికి రాకముందే దీన్ని కదిలిస్తారా సారూ?" అంది హన్నమ్మ.

"ఇది ప్రయాణం చెయ్యదమ్మా. మంత్రిగారే దీని పక్కగా ప్రయాణం చేస్తారు."

జేసీబీతో పిండంతా ఎత్తి రోడ్డు పొడుగునా పోశారు. కార్యకర్తలు అదే జేసీబీ తొట్టిలో బంతిపూలు నింపారు. తొట్టి కడిగే తీరిక, ఆ ఉత్సాహంలో, ఎవరికుంటుంది?

మంత్రిగారు కారు దిగి చేతులు జోడించారు. జేసీబీ తొండమెత్తింది. ముందు పూలు పడ్డాయి, వెనకే సున్నం పడింది. చచ్చిన సున్నం కాబట్టి అయ్యగారి కళ్ళు దక్కాయి. ఆయన చలించలేదు. తల నుంచి పాదాల దాకా తెల్లగా, విగ్రహంలా వేదికెక్కారు.

"ఏదీ, ఆ తొలి ఉత్పత్తి?"

ఐజాజ్‌గారు చేతిలో క్యూఆర్ స్టిక్కరు పట్టుకుని బిక్కమొహం వేశారు. స్టిక్కరు ఉత్పత్తి మీదే అంటించాలని నిబంధన. లారీ ఖాళీ. బట్టీ ఖాళీ.

"ఇంకేడుందయ్యా! మీ ఒంటిమీదే ఉంది" అంది హన్నమ్మ.

నిబంధన అంటే నిబంధనే. ఐజాజ్‌గారు భక్తితో మంత్రిగారి ఛాతీ మీద స్టిక్కరు అంటించారు. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. మొదటి స్కానింగ్ లబ్ధిదారే చెయ్యాలన్నారు. హన్నమ్మ చెయ్యి తుడుచుకుని, తన ఫోను తీసి ఆయన ఛాతీకి ఎదురుగా పట్టింది. మైకు పక్కనే ఉండటంతో ఫోనులోని ఆడగొంతు సభంతా మోగింది.

"పల్నాడు ఉత్పత్తి. గడువు ముగిసినది. దేనికీ పనికిరాదు. తయారుచేసినవారే వెనక్కి తీసుకోవలెను."

వెనక వరసలవాళ్ళు లేచి, తమకు సరిగా వినపడలేదని, మళ్ళీ పెట్టమని కేకలు వేశారు.

మంత్రిగారు చిరునవ్వుతో మైకు దగ్గరికి జరిగి, ఛాతీ ఇంకాస్త ముందుకు పెట్టారు.