జ్ఞానానికి పూసిన తెల్లరంగు

“ప్రశ్న పుట్టకముందే జవాబు పుట్టింది. ఆ జవాబు మా గురువుగారి దగ్గరుంది!”

జ్ఞానమందిరం గోడమీద మనిషెత్తు అక్షరాలతో రాసిన మాట ఇది. నిజమే. అక్కడ జవాబులకు కొదవ లేదు, ప్రశ్నలకే కరువు. అందుకని వాటినీ మందిరంవారే సరఫరా చేస్తారు!

ఆ సంగతి క్షౌరశాలాయనకు తెలియదు. ఆయనకు తెలిసింది గడ్డం ఒక్కటే. గురువుగారికి నిండా నలభై లేవు. గడ్డం కాటుకతో పోటీ. నల్లగడ్డం చెబితే జ్ఞానం ఎవడు వింటాడు? అందుకే వారంవారం వెనకగదిలో తలుపేసుకుని దానికి తెల్లరంగు పూసేది ఈయనే. రంగు ఆరేదాకా గురువుగారు పెదవి కదపరు. బయట దాన్ని మౌనదీక్ష అంటారు!

“గడ్డం దొంగదైతే మాట కూడా దొంగదవ్వాలా ఏం?” అనుకున్నాడాయన. కష్టంలో ఉన్నవాడు అలాగే అనుకుంటాడు. లారీ గుద్ది తమ్ముడు పోయి నెల దాటింది. మంచంపట్టిన తల్లికి చెప్పలేదు. “చిన్నోడు ఫోనైనా చెయ్యడేంరా?” అని ఆవిడ రోజూ అడుగుతుంది. “పనిలో ఉన్నాడమ్మా” అని ఈయన రోజూ అబద్ధమాడతాడు. చెబితే తల్లి గుండె ఆగుతుందేమో. చెప్పకపోతే తన గుండె ఆగేలా ఉంది.

గురువుగారినే అడుగుదామని వెళితే, సభ గుమ్మంలో కార్యదర్శి ఆపి, ప్రశ్నేమిటో విని, పెదవి విరిచాడు.

“అబ్బే, ఇది ఇంటి గొడవయ్యా! ‘ఆనందం ఎక్కడుంది?’ అని అడుగు. దానికి గురువుగారి దగ్గర బ్రహ్మాండమైన జవాబుంది.”

“ఆనందం ఎక్కడుంటే నాకెందుకండీ? మా అమ్మకి ఏం చెప్పాలో కావాలి.”

“జవాబున్న ప్రశ్న ఇస్తుంటే, లేనిదాన్ని పట్టుకు వేలాడతావేం!”

ఆయన సరేనని తలూపి లోపలికెళ్ళాడు. మైకు చేతికి రాగానే తన ప్రశ్నే అడిగేశాడు! కార్యదర్శి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. గురువుగారు కళ్ళు మూశారు. గడ్డం నిమిరారు, రంగు చేతికి అంటకుండా.

“నాయనా! సత్యం చేదుమందు. వెనకాడకుండా తాగించు. సత్యం విని చచ్చినవాడు లేడు!”

చప్పట్లకు హాలు అదిరిపోయింది. ఈయన కళ్ళు చెమర్చాయి. ఎంత ధైర్యం! ఎంత జ్ఞానం!

సభ కాగానే రంగుగిన్నెతో వెనకగదికి వెళ్ళాడు. చెమటకు కరిగిన పాతరంగు కడిగేసి, కుడివైపు కొత్తది పూశాడో లేదో, గురువుగారి రక్తపరీక్షల ఫలితాలు పట్టుకుని డాక్టరు వచ్చాడు. మౌనదీక్ష కాస్తా ఎగిరిపోయింది.

“ఆగండాగండి డాక్టరుగారూ! మంచిదైతేనే చెప్పండి. చెడ్డదైతే కార్యదర్శి చెవిన వేసి వెళ్ళండి. నేను వినలేను బాబూ, నాకసలే నిద్ర పట్టదు!”

డాక్టరు కార్యదర్శిని వెతుక్కుంటూ బయటికి నడిచాడు.

కుంచె పట్టుకున్నాయన మెల్లగా అన్నాడు: “సత్యం విని చచ్చినవాడు లేడన్నారు కదండీ?”

“అది జనానికి చెప్పేది! ఇది నా ఒంటి సంగతి. నీ పని నువ్వు చూసుకో.”

ఆయన కుంచె గిన్నెలో పడేసి సంచీ సర్దుకున్నాడు.

“ఏయ్, ఎడమవైపో?”

“అది మీ సత్యం లెండి. బయటపడితే చచ్చిపోరు.”

ఇంటికెళ్ళి, తల్లి మంచం పక్కన కూర్చుని, చెప్పేశాడు. ఆవిడ గుండె ఆగలేదు. ఏడ్చి ఏడ్చి, కొడుకు చెయ్యి వదలకుండా, “ఇంతకాలం ఒక్కడివే ఎలా మోశావురా నాన్నా?” అంది. మైకు లేదు, చప్పట్లు లేవు.

సాయంత్రం సభకు గురువుగారు ముఖాన నిండుగా శాలువా చుట్టుకుని వచ్చి, ఉలకకుండా పలకకుండా కూర్చున్నారు. “ఒక్క మాట అనకుండా ఎంత చెప్పారో!” అని జనం పరవశించిపోయారు.

కార్యదర్శి మాత్రం వీధులన్నీ గాలిస్తున్నాడు. అన్ని జవాబులూ ఉన్న మందిరంలో తొలిసారి ఒక అసలైన ప్రశ్న పుట్టింది మరి: తెల్లరంగు పూసి నోరు మూసుకునేవాడు ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడు?