పేలు లేని అడవి

చింత కొమ్మ మీద చిన్ని కోతమ్మా,
చిక్కు తీసే వేళ చెంత కూచోమ్మా,
తలలోన బరువేదొ తడిమి తడిమి...

తడిమి ఏం చెయ్యాలో మరిచిపోయాను. ఆ తరవాత "అక్క చేతికి" అని ఏదో వస్తుంది. నా చిన్నప్పుడు మా నూకాలు పెద్దమ్మ నన్ను ముందు కూచోబెట్టుకుని, పేలు చూస్తూ పాడేది. పాట సగం పోయింది గాని, దాని తోక పట్టుకుని ఒక కథ వచ్చింది. చెబుతాను.

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఇవతలి గట్టున, కొండముచ్చుల గుంపు ఒకటి ఉండేది. పొద్దు వాలే వేళకి అన్నీ ఒకదాని వెనక ఒకటి కూచుని పేలు చూసుకునేవి. చేతులు పనిలో పడ్డాక నోరు ఊరుకుంటుందా?

"మా ఆయన నా వంక చూసి ఎన్నాళ్లయిందో" అని ఒకటి.

"నా పిల్ల పాలు తాగడం లేదు" అని ఒకటి.

ముందున్నది ఏడ్చేది, వెనకున్నది "ఊఁ" అనేది. ఏడ్చింది కాసేపటికి లేచి, ముక్కు తుడుచుకుని, ఎగిరి చెట్టెక్కిపోయేది. అంతే. ఆ పనికో పేరు కూడా లేదు.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. చెట్లు కూలాయి, గూళ్లు పోయాయి, అడవంతా దిగులు కమ్ముకుంది. సింహం రాజుగారికి ఇది తలవంపులుగా తోచింది.

"నా అడవిలో దిగులేమిటి? పక్క అడవి పులి నవ్వదూ?" అని ఒక శాఖ పెట్టాడు. మనోవేదనా నిర్మూలన శాఖ. నేను కూడబలుక్కుని చదివినా నాలిక తిరగని పేరు. నక్క జంబుకరావుగారు దానికి అధికారి. ఎలుగుబంటి సలహాదారు.

ఎలుగుబంటి మొదటి రోజే బండ ఎక్కి ఉపన్యాసమిచ్చాడు. "దిగులుగా ఉన్నవాళ్లు ముందుగా దిగులు మానెయ్యాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తేనె తాగి పడుకున్నాడు.

జంబుకరావు మాత్రం పనిమంతుడు. అడవంతా తిరిగి చూసొచ్చి, రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, కారణం దొరికింది. ఎవరెక్కడ ఏడుస్తున్నారో కనిపెట్టాను. తింటూ ఏడవడం లేదు. గెంతుతూ ఏడవడం లేదు. పేలు చూయించుకునే చోటే ఏడుస్తున్నారు."

"అయితే?"

"పేలే కారణం, ప్రభూ. పేను కుట్టీ కుట్టగానే దుఃఖం పుడుతోంది."

"శాస్త్రీయంగా ఉంది" అన్నాడు ఎలుగుబంటి, కళ్లు తెరవకుండానే.

ఇంకేం, గొయ్యి తవ్వి దాన్నిండా వేపనూనె పోశారు. ఏనుగులు ఒక్కొక్కరినీ తొండంతో ఎత్తి ముంచి తీశాయి. అడవంతా చేదు వాసన. నాలుగు రోజులు తిరిగేసరికి పేను కాదు కదా, ఈరు కూడా లేదు. పేలు లేనప్పుడు వరసలో కూచోవడం దేనికి? కొండముచ్చులు ఎవరి కొమ్మ మీద వాళ్లు కూచున్నాయి. ఏడుపు వినబడటం మానేసింది.

"చూశారా!" అన్నాడు జంబుకరావు. రాజు అతని మెడలో బంతిపూల దండ వేశాడు.

ఇప్పుడు సింగారి సంగతి చెప్పాలి. సింగారి పడుచు కొండముచ్చు. గాలివాన రోజున అది పట్టుకున్న కొమ్మ విరిగి, అంతెత్తు నుంచి ఇసకలో పడింది. ఎముక విరగలేదు. "ఏం కాలేదుగా, దులుపుకో" అన్నారు అందరూ. దులుపుకుంది. కానీ ఆ రోజు నుంచి కొమ్మ నుంచి కొమ్మకి దూకలేదు. చేతికందిన ఆకులు తింటూ ఒక్క చెట్టునే కరుచుకుని ఉండిపోయింది.

ఇవతలి గట్టున ఆకు అయిపోవచ్చింది. గుంపంతా అవతలికి పోవాలి. అవతలికి పోవాలంటే ఏటి మీదుగా దూకాలి. దూకలేనిది ఇక్కడే మిగిలిపోతుంది. ఇక్కడ కింద చిరుతపులి తిరుగుతూ ఉంటుంది.

సింగారి ధైర్యం చేసి ఒకసారి శాఖకి పోయింది.

"పేలున్నాయా?" అన్నాడు జంబుకరావు.

"లేవయ్యా. కానీ నాకు కాళ్లు..."

"పేలు లేవు కాబట్టి నీకు దిగులు లేదు. తరవాత ఎవరు?"

తిరిగొచ్చి చెట్టుకి అతుక్కుపోయింది. గుంపు బయల్దేరే రోజు దగ్గరపడింది. అప్పుడు గుంపులో ముసలిది, దాలమ్మ, ఆయాసపడుతూ ఆ చెట్టెక్కి వచ్చింది. సింగారి వెనక చేరి మెడ దగ్గర బొచ్చు పాయ తీసింది.

"ఒలే సింగారీ, నీకు పేనుందే."

"పేలు లేవని శాఖవాళ్లే చెప్పారు కదవ్వా."

"శాఖవాళ్లకి నా వేళ్లున్నాయా? తిన్నగా కూచో. అదిగో, చెవి వెనక్కి పోయింది."

సింగారి తిన్నగా కూచుంది. దాలమ్మ వేళ్లు మెల్లగా మెడ మీంచి నెత్తి మీదికి, నెత్తి మీంచి చెవి వెనక్కి నడిచాయి.

"అవ్వా" అంది సింగారి ఎట్టకేలకు. "ఏ కొమ్మ చూసినా విరిగేలాగే కనిపిస్తోందే."

"ఊఁ."

"కిందికి చూస్తే నా కాళ్లు నావి కావు. అందరూ ఏం కాలేదుగా అంటారు. ఏదో అయిందవ్వా."

"అయిందే. అంతెత్తు నుంచి పడితే అవదేంటి?"

ఆ మాటకి సింగారి భోరుమంది. ఎంత ఏడ్చిందంటే, పక్క చెట్టు మీది కొండముచ్చు వచ్చి "ఏమైందే?" అంది.

"పేలు" అంది దాలమ్మ.

ఆ వచ్చింది కాసేపు నించుని, మెల్లగా దాలమ్మ ముందుకి వీపు తిప్పి కూచుంది. "నాకూ కొంచెం దురదగానే ఉందే" అంది.

సాయంత్రానికి వరస మళ్లీ చెట్టు చుట్టూ తిరిగింది. ఏడుపు అడవి ఆ మూలకి వినిపించింది. జంబుకరావు పరుగెత్తుకొచ్చాడు, మెడలో వాడిన దండ ఊగుతూ.

"ఏమిటిది? పేలు లేవుగా! ఎందుకు కూచున్నారు?"

"ఉన్నాయి నాయనా" అంది దాలమ్మ. "నమ్మకపోతే నువ్వే చూడు. కానీ నించుని చూస్తే కనపడవు."

జంబుకరావు వరసలో ఒకదాని వెనక కూచుని వెతకడం మొదలెట్టాడు. అతని వెనక ఎవరో చేరి అతని బొచ్చు పాయ తీశారు. అతను కసురుకోబోయాడు. కసురుకోలేదు. కళ్లు సగం మూతపడ్డాయి.

"రాజుగారు పిలిచారంటే చాలు, ఏం తప్పు చేశానా అని దారంతా వెతుక్కుంటానమ్మా" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "ఇంటికెళ్లి పిల్లల మీద అరుస్తాను."

"ఊఁ" అన్నారు వెనకనించి.

గుంపు బయల్దేరాల్సిన రోజు వచ్చి వెళ్లిపోయింది. వరసలో సగంమందికి చూడటం ఇంకా అవలేదు మరి. ఆ వ్యవధిలో దాలమ్మ సింగారిని రోజూ పక్క కొమ్మకి దూకించింది. "ఏరు సంగతి నీకెందుకే, ఈ కొమ్మ చూడు" అనేది. ఆకు పూర్తిగా అయిపోయిన రోజున గుంపు ఏరు దాటింది. సింగారి అందరికన్నా ఆఖర్న, గట్టిగా అరుస్తూ, కళ్లు మూసుకుని దూకింది. అవతలి కొమ్మ ఊగింది, విరగలేదు. కింద చిరుతపులి తల ఎత్తి చూసి, ఆవలించి పోయింది.

జంబుకరావు మాత్రం రాజుగారికి జవాబు చెప్పుకోవాల్సొచ్చింది. "ప్రభూ, అడవిలో మళ్లీ పేలు పడ్డాయి" అన్నాడు. దండ ఊడబెరుకుతారనుకున్నాడు.

సింహం అటూ ఇటూ చూశాడు. సభని బయటికి పంపేశాడు.

"నా జూలులో కూడా ఏదో పాకుతున్నట్టుందయ్యా" అన్నాడు గొంతు తగ్గించి. "కొంచెం చూడు."

జంబుకరావు వెనక చేరాడు.

"గర్జించే ముందు ప్రతిసారీ భయమేస్తుందయ్యా" అన్నాడు రాజు. "గొంతు రాదేమోనని."

"ఊఁ" అన్నాడు జంబుకరావు.

మర్నాడు శాఖ బోర్డు మార్చారు. పేల సంరక్షణ శాఖ. అధికారి పాతాయనే. ఎలుగుబంటి లేచి, ఇది కూడా శాస్త్రీయంగానే ఉందన్నాడు.

నీతి ఏమిటంటే, తలలో పేను లేకపోయినా ఉందని అబద్ధమాడే మనిషి ఒకరుండాలి.

మా నూకాలు పెద్దమ్మ మంచాన పడ్డాక ఆఖరుసారి చూడ్డానికి పోయాను. ఆమెకి అప్పటికే చూపు లేదు. నా జుట్టు సగం ఊడింది, మిగిలింది నెరిసింది. నా గోడు ఏమీ చెప్పకూడదనుకునే పోయాను. పెద్దమ్మ నా తల తడిమి ఒళ్లోకి లాక్కుంది.

"కదలకే, ఒకటి కనిపించింది. ఊఁ, చెప్పు."