సిద్ధరాములు చేసిన తప్పుడు యుద్ధం

1938లో మా సోలాపూర్ కుంఠా నాకా నేతగాళ్లకు ఒక ఘోరమైన సంగతి తెలిసివచ్చింది. మా సిద్ధరాములు ఇరవై ఏళ్లుగా యుద్ధం గురించి అబద్ధాలు చెబుతున్నాడు!

సిద్ధరాములు పెద్ద జర్మన్ యుద్ధంలో సర్కారు కంచరగాడిదలు తోలడానికి బస్రా పోయి, కుడికాలికి గుండు దెబ్బతో తిరిగొచ్చిన మనిషి. ఆ మర్యాద కొద్దీ ఏటా మార్కండేయస్వామి రథం ముందు మొదటి వరుసలో నడిచేవాడు.

అంతలో బస్రా యుద్ధం మీద టాకీ వచ్చింది. పేటంతా మగ్గాలు ఆపి చూసింది. ఎంత పరిశోధించి తీశారంటే, బస్రాలో మంచుకొండలున్నాయి. ఏనుగులున్నాయి. కందకంలో నాయిక పట్టుచీర నలగకుండా నాట్యమాడింది. గుండు తగిలిన ప్రతి సిపాయీ పాట పూర్తిచేసి మరీ ప్రాణం విడిచాడు.

ఏనుగులు రాగానే సిద్ధరాములు బెంచీ ఎక్కాడు. "అరే, బస్రాల ఏనుగుల్లేవురా! ఈగలుండె!"

ప్రేక్షకులు ఆయన్ను కూర్చోబెట్టారు. కొంచెం గట్టిగానే.

మర్నాడు పంచాయతీ. పెద్దమనిషి నరసయ్య ఆ సినిమా నాలుగుసార్లు చూశాడు కనుక, అనుభవంలో సిద్ధరాములు కంటే మూడు యుద్ధాలు పెద్ద.

"సినిమాల గుండు ఛాతికే తగుల్తది. నీకు కాలుకెట్ల తగిలింది?"

"నేనేం జెయ్యాలె నరసన్నా? అది ఆడనే తగిలింది."

భార్య గంగుబాయి లేచింది. "ఇరవై ఏండ్ల సంది ఆ కాలుకు నూనె రాస్తున్న. నన్నడుగుండ్రి!"

నూనె రాయడం సాక్ష్యం కిందికి రాదని పంచాయతీ తోసిపుచ్చింది. రథం ముందు నడిచే మర్యాదను, సినిమా హాలు గేటు దగ్గర అట్టకత్తి పట్టుకుని నిలబడే పాండురంగ్‌కు బదిలీ చేసింది. సిద్ధరాములు మరో మూడుసార్లు సినిమా చూసి జ్ఞాపకాలు సరిచేసుకుంటే, అప్పుడు దయతో ఆలోచిస్తామంది.

పాపం, చూశాడు. మళ్లీ పంచాయతీకి వచ్చాడు.

"ఏం యాదికొచ్చింది?" అన్నాడు నరసయ్య.

"దోస్తు యాదికొచ్చిండు. మల్లప్ప. నా తొడ మీద తల పెట్టుకొనే సచ్చిండు. సినిమాల మూడు సార్లు దేవులాడిన. యాడా కానరాలే."

నరసయ్య కొంచెం ముందుకు వంగాడు. "పాట పాడకుండనే సచ్చిండా?"

"పాట లేదన్నా. నీళ్లడిగిండు. లేకుండె."

అంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తలెత్తబుద్ధి కాలేదు. ఇలాంటి ఇబ్బంది పేటకు మళ్లీ రాకూడదని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించాం: ఇకమీదట ఏ యుద్ధం మీద సినిమా తీసినా, ఆ యుద్ధానికి పోయొచ్చినవాళ్లంతా చచ్చాకే తీయవలెను.

మొదట చెయ్యెత్తింది నేనే.